క్రాస్ నది కథలు – 4: ఎమే అండలో మేరీ స్లెసర్

1888 ఆగస్టు మొదటివారం. జోరున వాన. క్రీక్ టౌన్ రేవులో ఎఫిక్ రాజు ఏడవ ఎయో హానెస్టీ సొంత పడవ బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. లోపల తివాచీ పరిపించి, చుట్టూ తెరలు కట్టించాడు రాజు. తెడ్లు వేసేవాళ్లూ ఆయన మనుషులే. ఎక్కబోయేది నలభైకి దగ్గరపడిన స్కాట్లాండ్ స్త్రీ. ఆమె వెంట ఐదుగురు ఆఫ్రికన్ పిల్లలు. పెద్దవాడికి పదకొండేళ్లు, చివరిది చంకబిడ్డ. ఎవరూ ఆమె కన్నపిల్లలు కారు. ఒంటరిగా పంపడం ఇష్టంలేక మిషన్ అచ్చాఫీసు నుంచి బిషప్ అనే ఆయన తోడు వచ్చాడు. బిషప్ అన్నది ఇంటిపేరు మాత్రమే, పదవి కాదు.

వెళ్తున్నది ఒకోయోంగ్‌కి. ఇప్పటి నైజీరియాలో, కలబార్ నదికీ క్రాస్ నదికీ మధ్యనున్న అడవిప్రాంతం అది. అక్కడివాళ్లకూ తీరంలోని ఎఫిక్‌లకూ పడదు. ఒకరి పొలిమేరలో ఒకరు చిక్కితే బందీలైనట్టే. నది దిగాక నాలుగు మైళ్లు అడవిదారిన నడవాలి. వాన ఆగలేదు, చీకటి పడింది, పిల్లలు ఏడుపు అందుకున్నారు. ఎకెంగె ఊరు చేరేసరికి ఇళ్లలో మనుషుల్లేరు. పక్కనున్న ఇఫాకో పెద్దకు తల్లి చనిపోయిందని ఊరుఊరంతా అక్కడికి తరలిపోయింది. సామాను మోయాల్సినవాళ్లు ఆ రాత్రి ఇక కదలమని పడవలోనే పడుకున్నారు. పిల్లలకు తిండీ పొడిబట్టా ఆ సామానులోనే ఉన్నాయి. ఆమె బురదలో మళ్లీ నదిదాకా నడిచి, నిద్రపోతున్నవాళ్లను లేపి తెచ్చుకుంది.

ఆమే మేరీ స్లెసర్. ఆమె చనిపోయిన కొద్దికాలానికే డబ్ల్యు.పి. లివింగ్‌స్టన్ అనే రచయిత (అన్వేషకుడు డేవిడ్ లివింగ్‌స్టన్ వేరు, ఈయన వేరు) ఆమె జీవితచరిత్ర రాశాడు. మనకు తెలిసిన వివరాల్లో చాలాభాగం ఆ పుస్తకం పుణ్యమే. ఆ తర్వాత వచ్చిన పిల్లల పుస్తకాలూ ఆదివారం బడి పాఠాలూ ఆమెను ఒకోయోంగ్ ‘తెల్లరాణి’ని చేసి కూర్చోబెట్టాయి. ఒక్క తెల్లమనిషి, చుట్టూ అంధకారం, చివరికి వెలుగు. ఈ వరసలో చెబితే కథ సాఫీగా సాగుతుంది. అయితే లివింగ్‌స్టన్ పుస్తకాన్నే నిదానంగా చదివితే, స్లెసర్ గెలిచిన చోటల్లా ఎవరో ఒక ఒకోయోంగ్ మనిషో, ఎఫిక్ మనిషో పక్కనే ఉంటారు. ముఖ్యంగా ఒకావిడ. ఆవిడ పేరు ఎమే. ఈ భాగం స్లెసర్‌ది ఎంతో, ఎమేది అంతే.

గత సంచికలో 1846 నాటి సంగతులు చూశాం. జమైకా నుంచి హోప్ వాడెల్ మిషనరీ బృందం కలబార్‌కి రావడం, రెండవ ఎయో రాజు పక్కన నిలబడి వాళ్ల ప్రసంగాలను తానే ఎఫిక్‌లో చెప్పడం అందులో వచ్చాయి. అప్పటికి ఇప్పటికి నలభై రెండేళ్లు. కొత్త నిబంధన 1862లో, పాత నిబంధన 1868లో ఎఫిక్‌లో పూర్తయ్యాయి. తొలి ఎఫిక్ క్రైస్తవుడు ఎసియెన్ ఉక్పాబియో పాస్టరూ అయ్యాడు. ఇన్ని జరిగినా మిషన్ పని నది ఒడ్డున కొన్ని ఊళ్లలోనే ఆగిపోయింది. లోపలి అడవిలో నిలదొక్కుకున్నవాళ్లు లేరు.

మేరీ స్లెసర్ 1848 డిసెంబరు 2న అబర్డీన్‌లో పుట్టింది. తండ్రి చెప్పులు కుట్టేవాడు, తాగుబోతు. తల్లి నేతపనిచేసేది. బతుకుతెరువు కోసం కుటుంబం డండీకి మారాక మేరీ పదకొండో ఏట బాక్స్‌టర్ బ్రదర్స్ మిల్లులో చేరింది. సగం రోజు మగ్గాల దగ్గర, సగం రోజు మిల్లు బడిలో. పద్నాలుగేళ్లకు పూర్తి కూలీ అయింది. పొద్దున్న ఆరింటికి వెళ్తే సాయంత్రం ఆరింటికి ఇల్లు. డండీ పేరు చెప్పగానే అందరికీ జనపనార గుర్తొస్తుంది కాబట్టి చాలామంది ఆమెను జనపనార మిల్లు పిల్లగా రాస్తుంటారు. బాక్స్‌టర్ వాళ్లది ప్రధానంగా అవిసెనార బట్ట, ఓడల తెరచాపల గుడ్డ. జీతం తల్లి చేతికిస్తే, అందులో కొంత తండ్రి తాగుడికి పోయేది. రాత్రిపూట తాగివచ్చిన మనిషిని ఎలా దారికి తేవాలో, ఎప్పుడు ఎదురు నిలవాలో, ఎప్పుడు వీధిలోకి తప్పుకోవాలో ఆ పిల్ల ఇంట్లోనే నేర్చింది. ఒకోయోంగ్‌లో ఆమెకు ఏ వేదాంత పాఠశాల చదువుకన్నా ఈ చదువే ఎక్కువ పనికొచ్చిందని నా అభిప్రాయం.

కలబార్ మిషన్‌లో పనిచేయడానికి 1876 ఆగస్టు 5న లివర్‌పూల్‌లో ‘ఇథియోపియా’ అనే ఓడ ఎక్కింది. ఆ ఓడలోకి ఆఫ్రికా కోసం ఎక్కిస్తున్న సారా పీపాల వరస చూసి ఆమె మనసు కలుక్కుమంది. మిషనరీని, మద్యాన్ని ఒకే ఓడ మోసుకుపోతోంది. ఈ విషయం మనం గుర్తుంచుకోవాలి. ఒకోయోంగ్‌లో ఆమె పోరాడిన చెడుగులో సగం అడవిలో పుట్టింది కాదు, లివర్‌పూల్ రేవునుంచి వచ్చిందే.

కలబార్‌లో తొలి పన్నెండేళ్లు త్వరగా దాటేద్దాం. డ్యూక్ టౌన్, ఓల్డ్ టౌన్, క్రీక్ టౌన్ ఊళ్లలో బడి, మందులు, ఇంటింటి తిరుగుడు. ఎఫిక్ భాష నోటిలో బాగా పలికింది. మిషన్ ఇంట్లోని ఇంగ్లిష్ భోజనం మానేసి స్థానికుల తిండికి మారింది. కారణం భక్తేమీ కాదు, జీతంలో కొంత మిగిల్చి తల్లికి పంపడం. తల్లీ చెల్లెళ్లూ పోయాక వెనక్కి లాగే బంధం తెగింది. ఇక మలేరియా మాత్రం ఎప్పుడూ వదల్లేదు. మూడేళ్లకే ఒకసారి స్వదేశానికి పంపేయాల్సి వచ్చింది. తర్వాత జీవితమంతా ఆ జ్వరం వస్తూ పోతూనే ఉంది. చెడుగాలి వల్ల వస్తుందనే అప్పట్లో అందరి నమ్మకం. ఆ జ్వరం గుట్టు ఎక్కడ తేలిందో మన పాఠకులకు చెప్పనక్కర్లేదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ ఒక ఆడదోమ పొట్టకోసి, అందులో ఆ పరాన్నజీవిని చూశాడు. అప్పటికి స్లెసర్ దోమతెర లేకుండా ఆ నదీతీరంలో ఇరవయ్యొక్కేళ్లు గడిపేసింది.

ఒకోయోంగ్‌లో ఆమె చూసిన లోకం గురించి చెప్పేటప్పుడు పాత పుస్తకాలు ‘అనాగరికత’ అనే ఒక్క మాటతో దులిపేసుకుంటాయి. ఆ మాటతో మనకేమీ తెలియదు. అక్కడి జనం నమ్మకం ప్రకారం, ముఖ్యుడైన మనిషి ఊరికే చనిపోడు. ఎవరో చేతబడి చేసి ఉండాలి. చేసినవాణ్ణి పట్టుకోకపోతే రేపు ఇంకొకరు పోతారు. పట్టుకోవడానికి వాళ్లకున్న పరీక్ష ఎసెరె గింజ. అనుమానితులకు ఆ గింజలు నూరి నీళ్లలో కలిపి తాగిస్తారు. కక్కి బతికితే నిర్దోషి, చస్తే దోషి. ఇక ముఖ్యుడు పోయినప్పుడు పరలోకంలో ఆయన ఒంటరిగా, దిక్కులేనివాడిలా ఉండకూడదని భార్యలనూ బానిసలనూ వెంట పంపడం ఇంకో ఆనవాయితీ. పైగా పామాయిల్ అమ్మితే బదులుగా తీరంనుంచి వచ్చేవి జిన్ను, తుపాకులు, బేడీలు. శతాబ్దాలపాటు మనుషుల్నే సరుకుగా కొన్న వ్యాపారం పోయినా, అది నేర్పిన అలవాట్లు, వదిలిన భయాలు పోలేదు.

ఎసెరె గింజ ప్రయాణం విడిగా ఒక కథ. ప్రపంచం దాన్ని కలబార్ బీన్ అంటుంది. మిషనరీలు ఆ గింజల్ని ఎడిన్‌బరోకి పంపారు. అక్కడి ప్రొఫెసర్ రాబర్ట్ క్రిస్టిసన్ 1855లో దాని గుణం చూద్దామని కాస్త ముక్క తానే తినేశాడు. ఒళ్లు వశం తప్పుతుండగా, గడ్డం గీసుకున్న సబ్బునీళ్లు గడగడా తాగి కక్కుకుని బతికాడు. 1863లో ఆర్గైల్ రాబర్ట్‌సన్ అది కంటిపాపను కుంచింపజేస్తుందని ప్రకటించాడు. మరుసటేడే దానిలోని మందుపదార్థం, ఫైసోస్టిగ్మిన్, వేరుచేశారు. ఆ తర్వాత అది గ్లకోమాకి మందు అయింది. ఉమ్మెత్త విషానికి విరుగుడుగానూ వాడారు. ఒకోయోంగ్ పెద్దలు వేరే లెక్క చెప్పేవారు: నిర్దోషి ధైర్యంగా ఒక్క గుక్కలో తాగేస్తాడు, దోషి భయపడుతూ చప్పరిస్తాడు. గబుక్కున తాగితే కడుపు తిప్పి వాంతి అవుతుందనీ, మెల్లగా తాగితే విషం ఒంటికి ఎక్కుతుందనీ తర్వాత వైద్యులు ఇచ్చిన ఒక వివరణ దానికి దగ్గరగానే ఉంది. అంటే ఆ పరీక్షకూ ఒక తర్కం ఉంది. ఆ తర్కంలో పడి చచ్చినవాళ్లలో నిర్దోషులు ఎందరో!

స్లెసర్‌కి ఊరి పెద్ద ఎడెమ్ తన లోగిలిలోనే ఒక గది ఇచ్చాడు. మట్టిగోడలు, కిటికీలు లేవు, చుట్టూ ఆయన భార్యలు, బానిసలు, మేకలు, కోళ్లు. అక్కడే ఎమే పరిచయం. ఎడెమ్ తోబుట్టువు, భారీమనిషి, వితంతువు. ఆమె భర్త చనిపోయినప్పుడు ఆయన భార్యలందరినీ విచారణకు నిలబెట్టారు. ఒక్కొక్కరూ ఒక్కో కోడిని తేవాలి. దాని తల నరికాక మొండెం ఎటు తన్నుకుని పడిందన్నదాన్ని బట్టి దోషం తేల్చేవారు. ఎమే తెచ్చిన కోడి సరైన పక్కకే పడింది. ఆ మాట వినగానే ఆమె సొమ్మసిల్లిపోయింది. అలాంటి పరీక్షకు నిలబడి బయటపడిన మనిషికి, ఆ పరీక్షలు ఆపాలని వచ్చిన పరదేశి ఏం మాట్లాడుతోందో ఎవరూ విడమరిచి చెప్పే పనిలేదు.

వీళ్లిద్దరూ ఒక గుర్తు పెట్టుకున్నారు. ఊళ్లో ఏదో ఘోరం జరగబోతోందని ఎమేకి తెలిస్తే, ఒక ఖాళీ మందుసీసా ఇచ్చి మనిషిని స్లెసర్ దగ్గరకు పంపుతుంది. మందు కావాలని అడిగిస్తుంది. చూసేవాళ్లకు అది మామూలు విషయమే. స్లెసర్‌కి మాత్రం, ‘సిద్ధంగా ఉండు, నడవడానికి బయలుదేరు’ అని అర్థం. ఎక్కడో అడవిలో గొడవ మొదలయ్యేసరికి ఈమె అక్కడ ప్రత్యక్షమైతే జనం మహిమ అనుకున్నారు. పుస్తకాలు దేవుని నడిపింపు అన్నాయి. ఎమేకి తెలుసు అది ఎవరి పనో. సొంత సోదరుడి మాటను, సొంత ఊరి కట్టును కాదని ఇలా సమాచారం చేరవేయడం బయటపడితే ఆమె గతేమిటో ఊహించండి. ఆ సాహసానికి ఎవరూ శిలాఫలకం వేయలేదు.

అసలు పరీక్ష ఎటిమ్ చావుతో వచ్చింది. ఎటిమ్ ఎడెమ్‌కి పెద్దకొడుకు. పెళ్లి నిశ్చయమైంది, కొత్త ఇల్లు కట్టుకుంటున్నాడు. దుంగ లాగుతుండగా అది మెడమీద పడి ఒళ్లంతా చచ్చుబడిపోయింది. స్లెసర్ రెండు వారాలపాటు పక్కనుండి చూసుకున్నా దక్కలేదు. మంత్రగాడు ఒక ఊరి పేరు చెప్పాడు. ఎడెమ్ మనుషులు తుపాకులు తీసుకుని ఆ ఊరిమీద పడ్డారు. అందరూ అడవిలోకి పారిపోగా, చిక్కిన డజనుమంది ఆడా మగా గొలుసులతో వచ్చి లోగిట్లో పడ్డారు. ఇక ఎసెరె నూరడమే తరువాయి.

ఇక్కడ స్లెసర్ చేసిన పని ఆమె గురించి ఎన్ని ప్రసంగాలు చెప్పినా తెలియనంత చెబుతుంది. ఆమె వాళ్లకు ధర్మపన్నాలు చెప్పలేదు. శవాన్ని అలంకరించడానికి కూర్చుంది. మిషన్ పెట్టెల్లో వచ్చిన మంచి సూటు తొడిగింది. పట్టుబట్టలు చుట్టింది. తలకు పాగా, దానిపైన ఈకలు గుచ్చిన టోపీ పెట్టింది. చేతికి కొరడా ఇచ్చింది, ఎదురుగా అద్దం నిలబెట్టింది, కుర్చీలో కూర్చోబెట్టి గొడుగు పట్టించింది. ఒకోయోంగ్‌లో ఎన్నడూ ఏ శవానికీ ఇంత వైభవం జరగలేదు. పెద్దలంతా వచ్చి చూసి మురిసిపోయారు. వెంట మనుషుల్ని పంపడం వాళ్ల దృష్టిలో పోయినవాడికి చేసే గౌరవం. ఆ గౌరవం వేరే మార్గంలో దొరికితే మనుషుల అవసరం ఉండకపోవచ్చని ఆమె పట్టుకుంది. డ్యూక్ టౌన్ నుంచి మిషన్ వాళ్లను పిలిపించి దీపపు బొమ్మలు (మ్యాజిక్ లాంతరు) వేయించడం కూడా అందుకే. మర్యాద ఇంకా పెంచడం.

అయితే తాగుళ్లూ ఆటలూ మొదలయ్యాక ఆమె కంట నూరుతున్న ఎసెరె గింజలు పడ్డాయి. అలంకారం సగం పనే చేసిందన్నమాట. ఇక ఆమె బందీల దగ్గరే మకాం పెట్టింది. రాత్రింబవళ్లు కాపలా. ఎడెమ్ మండిపడ్డాడు. పెద్దలు ఈసడించారు. ఎమే లోపల సోదరుణ్ణి బతిమాలింది, బయట బందీలకు గుట్టుగా తిండి అందించింది. రోజులు గడిచేకొద్దీ ఒక్కొక్కరి సంకెళ్లు ఊడాయి. చివరికి అందరూ బతికారు. ఎటిమ్‌తోపాటు గోతిలోకి వెళ్లింది ఒక ఆవు. పెద్దింటి మనిషిని నరబలి లేకుండా పాతిపెట్టడం ఒకోయోంగ్‌లో అదే మొదలని అంటారు.

దీన్ని స్లెసర్ గెలుపని రాయడం సులువు. ఎడెమ్ గురించి ఎవరూ ఆలోచించరు. కొడుకు పోయిన తండ్రి, చుట్టూ ‘నీ మగతనం ఏమైంది’ అని గుచ్చే తోటి పెద్దలు, చేతిలో డజనుమంది ప్రాణాలు. ఆయన తలచుకుంటే ఆ స్త్రీని పక్కకు లాగేయడానికి ఇద్దరు మనుషులు చాలు. ఆయన అలా చేయలేదు. తర్వాత ఆమెకు కృతజ్ఞత చెప్పుకున్నాడని కూడా లివింగ్‌స్టన్ రాశాడు.

ఆమె చేసిన ఇంకో పనిని భక్తిపుస్తకాలు పెద్దగా పట్టించుకోవు. నాకైతే ఎటిమ్ ఘట్టం కన్నా అదే ముఖ్యం. ఒకోయోంగ్ జనానికి పనీపాటా ఉంటే తాగుడూ గొడవలూ తగ్గుతాయని ఆమె నమ్మకం. తీరంలోని ఎఫిక్‌లతో నేరుగా వ్యాపారం చేస్తే పామాయిల్‌కి బట్టలు, పాత్రలు, తలుపులు వస్తాయి. కానీ వెళ్లేదెలా? పట్టుకుని కట్టేస్తారన్న భయం. ఆమె ఎయో రాజుకి కబురుపెట్టింది. ఒకోయోంగ్ పెద్దలను అతిథులుగా పిలవమంది. ఆయన సరేనన్నాడు. యామ్ దుంపలు, అరటిగెలలు, నూనె పడవకెక్కించాక, బరువెక్కువై పడవ మునిగింది. మరో పడవ తెచ్చారు. బయలుదేరే వేళకు సరుకు అడుగున దాచిన కత్తులు, తుపాకులు ఆమె కంటబడ్డాయి. అవి ఉంటే తాను రానంది. ఆయుధం లేకుండా తీసుకెళ్లడమంటే తమను ఆడవాళ్లను చేయడమేనని వాళ్లు అరిచారు. ఆమె తన చేతులతో ఒక్కొక్క కత్తీ ఒడ్డుకు విసిరింది. క్రీక్ టౌన్‌లో రాజు వాళ్లను సాటివాళ్లలా కూర్చోబెట్టి మాట్లాడాడు, దగ్గరుండి ఇల్లంతా చూపించాడు. తిరిగొచ్చాక వాళ్లు నూనె తీయడంలో పడ్డారు. రెండు జాతుల మధ్య తరతరాల పగ చల్లారడం మొదలైంది ఈ ప్రయాణంతోనే. అందులో సగం పేరు ఎయోకి రావాలి. ఆయన నమ్మిన క్రైస్తవుడు, దానితోపాటు లెక్క తెలిసిన వర్తకుల రాజు. నూనె ఆయన రేవుకి రావడం ఆయనకూ లాభమే.

కవలల సంగతి చెప్పకుండా స్లెసర్ కథ పూర్తికాదు. ఒక కాన్పులో ఇద్దరు పుడితే, అందులో ఒకరు దుష్టశక్తికి పుట్టినవారని అక్కడి భయం. ఏ బిడ్డో తేల్చలేరు కాబట్టి ఇద్దరినీ కుండలో పెట్టి అడవిలో వదిలేవారు. తల్లిని వెలివేసేవారు. ఇదే నైజీరియాలో, పడమటన ఉన్న యోరుబా జనం కవలలను దేవుడిచ్చిన వరంగా చూస్తారు, వాళ్ల పేర కొయ్యబొమ్మలు చెక్కి కొలుస్తారు. ‘ఆఫ్రికాలో కవలల్ని చంపేవారు’ అని ఒక్క వాక్యంలో తేల్చేసేవారికి ఈ ఒక్క సంగతి చాలు. స్లెసర్ కవలలు పుట్టారని తెలిస్తే అర్ధరాత్రి అయినా నడిచేది. ఇంటికి తెచ్చిన పిల్లల్లో చాలామంది దక్కలేదు. దక్కినవాళ్లు ఆమె కుటుంబమయ్యారు. అమ్మాయిల్లో పెద్దది జేనీ, తానూ ఒక కవల. దాని తోడబుట్టినవాణ్ణి బంధువులు మాయమాటలు చెప్పి తీసుకుపోయి చంపేశారు. జేనీని ఆమె స్కాట్లాండ్‌కి కూడా తీసుకెళ్లింది. పెద్దయ్యాక ఆ ఇల్లు నడిపింది, చంటిపిల్లల్ని సాకింది జేనీయే. స్లెసర్ చేసిందని రాసిన ఇంటిపనిలో ఎంత జేనీ చేతులమీదుగా సాగిందో!

1895లో ఆ ఇంటికొచ్చిన ఒక అతిథి మేరీ కింగ్‌స్లీ. ఈమె మిషనరీలంటే పడని ఇంగ్లిష్ రచయిత్రి. ఆఫ్రికన్ ఆచారాలను తెలుసుకోకుండా చెరిపేస్తున్నారని ఆమె ఫిర్యాదు. అలాంటామె స్లెసర్ దగ్గర కొన్నాళ్లుండి, ఆ మనిషికున్న స్థానిక జ్ఞానాన్నీ ధైర్యాన్నీ తన పుస్తకంలో మెచ్చుకుంది. జుట్టు కత్తిరించుకుని, కాళ్లకు చెప్పుల్లేకుండా, టోపీ లేకుండా ఎండలో తిరిగే మిషనరీ ఆమెకు నచ్చకేం చేస్తుంది?

పెళ్లి ముచ్చట ఒకటి వచ్చి పోయింది. డ్యూక్ టౌన్‌లో చార్లెస్ మారిసన్ అనే ఉపాధ్యాయుడు. ఆమెకన్నా చాలా చిన్నవాడు. 1891లో నిశ్చయమైంది. పెళ్లయ్యాక తాను ఒకోయోంగ్ వదలనని, ఆయనే అక్కడికి రావాలని ఆమె షరతు. మిషన్ బోర్డు ఒప్పుకోలేదు. ఆమె పెళ్లి వదులుకుంది.

ఇప్పుడు కథలో చిక్కైన చోటికి వచ్చాం. 1891లో బ్రిటన్ ఆ తీరంలో తన ప్రొటెక్టరేట్ పాలన మొదలుపెట్టింది. క్లాడ్ మెక్‌డోనల్డ్ దానికి పెద్ద. అడవి లోపలికి అధికారిని పంపి, కోర్టు పెట్టాలన్నాడు. బయటినుంచి ఎవడో వచ్చి దండించడం మొదలుపెడితే తుపాకులు లేస్తాయని స్లెసర్ భయం. అందుకే ఆ బాధ్యత తానే నెత్తికెత్తుకుంది. 1892లో ఆమె ఒకోయోంగ్‌కి వైస్ కాన్సుల్. తర్వాత 1905 నుంచి ఇకోటోబాంగ్‌లో స్థానిక కోర్టుకు ఉపాధ్యక్షురాలు. బ్రిటిష్ సామ్రాజ్యంలో మేజిస్ట్రేటు అధికారం చేపట్టిన తొలి స్త్రీ అని ఆమెను పేర్కొంటారు.

కోర్టు సంగతులు చదవడానికి సరదాగానే ఉంటాయి. ఊగే కుర్చీలో కూర్చుని, ఒళ్లో చంటిబిడ్డను జోకొడుతూ వాదనలు వినేదట. తిక్క రేగితే గొడుగు పుచ్చుకుని పెద్దమనిషి వెంటపడేదట. ఒక అప్పు దావాలో బాకీ నిజమేనని తేలింది. ప్రతివాది కట్టాలని తీర్పు చెప్పింది. అయితే అప్పిచ్చినవాడు తల్లినీ భార్యల్నీ సరిగా చూడని పనికిమాలినవాడని ఆమెకు తెలుసు. కాబట్టి బాకీ కట్టేముందు అతనికి కోర్టులోనే ప్రతివాది చేత దెబ్బలు వేయించాలని కూడా తీర్పులో చేర్చింది. చట్టపుస్తకంలో ఇది ఏ సెక్షన్‌కీ అందదు. ఊరి రచ్చబండ న్యాయానికి మాత్రం చక్కగా అందుతుంది.

సరదాను పక్కనపెడితే ఇక్కడ నాకొక అభ్యంతరం ఉంది. 1888లో ఆమె మాట చెల్లితే, అది ఎమే స్నేహం వల్ల, ఎడెమ్ ఓపిక వల్ల, ఆమె మొండితనం వల్ల చెల్లింది. ఎవరైనా కాదనవచ్చు. కాదన్నవాళ్లు చాలామంది ఉన్నారు కూడా. 1892 తర్వాత ఆమె మాట వెనక నదిలో లంగరువేసిన యుద్ధపడవ ఉంది. ఆమె దాన్ని పిలవకపోవచ్చు. తన జనాన్ని దానినుంచి కాపాడ్డానికే పదవి తీసుకుని ఉండవచ్చు. ఆమె ఉద్దేశాన్ని నేను శంకించను. కానీ వినేవాడికి ఆ తేడా తెలుస్తుంది. కవలల హత్యలు తగ్గడంలో ఏది ఎంత పనిచేసిందో, ప్రేమా, పడవా, విడదీసి చూపడం కష్టం. మిషనరీ కథలు మొదటిదాన్ని మాత్రమే లెక్కవేస్తాయి. వలసపాలన విమర్శకులు రెండోదాన్ని మాత్రమే.

మరి క్రైస్తవులు ఎందరయ్యారు? ఇక్కడ పాఠకులు ఆశ్చర్యపడక తప్పదు. పదిహేనేళ్ల సేవ తర్వాత, 1903లో, ఒకోయోంగ్‌లో తొలిసారి ప్రభురాత్రి భోజన సంస్కారం జరిగినప్పుడు అందులో పాల్గొనడానికి అర్హత పొందినవాళ్లు పిడికెడు మంది కుర్రకారు. మన ఒంగోలు సంగతి గుర్తు తెచ్చుకోండి. ఆమె కలబార్‌లో దిగిన 1876లోనే ఇక్కడ మహాకరువు మొదలైంది. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కూలీ ఇప్పించిన మిషనరీ జాన్ క్లౌ ఆధ్వర్యంలో 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఒంగోలులో కులం బరువు మోయలేక ఒక జనం మొత్తం కదిలింది. ఒకోయోంగ్‌లో కదలాల్సిన అవసరం జనానికి కనిపించలేదు. వాళ్లు స్లెసర్‌ని ఒప్పుకున్నారు, ఆమె మందులూ బడీ వ్యాపారమూ ఒప్పుకున్నారు, నరబలి మానేశారు. దేవుణ్ణి మార్చుకోవడానికి మాత్రం తొందరపడలేదు. మతం మార్పిడుల సంఖ్యతో మిషనరీని కొలిచేవాళ్ల లెక్కలో ఆమె విఫలురాలు. అలా కొలవకూడదని ఆమె జీవితమే చెబుతోంది.

ఎమే కూడా మారలేదు. స్లెసర్ ఎంతగా కోరుకున్నా, తన పూర్వీకుల పూజలు చేసుకుంటూనే కన్నుమూసింది. స్లెసర్ ఆ స్నేహితురాలి కోసం ఏడ్చింది. ఆమె లేకపోతే తన పని ఏమయ్యేదో తలచుకుంది.

1909లో స్లెసర్ కోర్టు పదవి వదిలేసింది. నడవలేని వయసులో కూడా పిల్లలు తోసే చక్రాలబండిలో ఊళ్లు తిరిగింది. 1915 జనవరి 13న ఉసేలోని మట్టి ఇంట్లో చనిపోయింది. నదిమీదుగా తెచ్చి కలబార్‌లో, డ్యూక్ టౌన్ శ్మశానంలో పాతిపెట్టారు. 1956లో ఎలిజబెత్ రాణి అక్కడ పూలు ఉంచింది. 1997లో క్లైడ్స్‌డేల్ బ్యాంకు తన పది పౌండ్ల నోటుమీద స్లెసర్ బొమ్మ అచ్చేసింది. ఎమే బొమ్మ ఏ నోటుమీదా లేదు.

వచ్చే సంచికలో: 1901 నవంబరులో ఆరోచుకు మీదికి కదిలిన బ్రిటిష్ దళాలు, వాటి ధాటికి ధ్వంసమైన ఇబిని ఉక్పబి గుడి, ఆ వెనకే నది పైకి, ఇటుకి వెళ్లిన స్లెసర్. ప్రేమా పడవా అని పైన అన్నానే, ఆ రెండూ ఒకే దారిలో వెళ్లిన ప్రయాణం అది.